సైకిల్‌కి వెనక క్యారియర్: బిగించడం, బరువు కట్టడం, గలగలమనకుండా చూసుకోవడం

గేర్ల సైకిల్ కొన్న కొన్నాళ్లకే చాలామందికి క్యారియర్ అవసరం పడుతుంది. ఆఫీసు బ్యాగు వీపుకి తగిలించుకుంటే చొక్కా అంతా చెమట, కూరల సంచి హ్యాండిల్‌కి తగిలిస్తే మలుపు తిప్పిన ప్రతిసారీ మోకాలికి కొట్టుకోవడం. సరే అని క్యారియర్ కొని షాపులో బిగించేస్తారు, రెండు వారాలకి అది గలగలమంటుంది, నెలకి ఒక బోల్టు ఎక్కడో జారిపోతుంది. అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి మొత్తం వరుసగా రాస్తున్నాను. పనిముట్లు దగ్గరుంటే ఇంట్లోనే ఒక గంటలో అయ్యే పని ఇది.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. క్యారియర్ మీద పెట్టిన బరువు దిగేది కింద చక్రం ఇరుసు దగ్గరున్న రెండు బోల్టుల మీదికే. పైన సీటు దగ్గర బిగించేవి క్యారియర్ ముందుకో వెనక్కో వాలిపోకుండా పట్టుకోవడానికి మాత్రమే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కింది రెండు బోల్టుల చుట్టూనే తిరుగుతుంది. కిందికి దిగే కడ్డీలను కాళ్లు అని, సీటు వైపు వచ్చే పట్టీలను చేతులు అని పిలుస్తాను, చదవడానికి తేలిగ్గా ఉంటుంది.

1. కొనే ముందు మీ సైకిల్‌ని చూడండి

వెలుతురులో సైకిల్ నిలబెట్టి వెనక చక్రం దగ్గర కూర్చోండి. ఇవి చూసి కాగితం మీద రాసుకోండి:

☐ ఇరుసు పక్కన ఫ్రేము మీద, రెండు వైపులా, చిన్న మర బెజ్జం ఉందా? కొన్ని సైకిళ్లకి రెండేసి ఉంటాయి, ఒకటి మడ్‌గార్డుకి, ఒకటి క్యారియర్‌కి. ప్లాస్టిక్ బిరడా పెట్టి ఉండొచ్చు, రంగు పూడుకుపోయి కనపడకపోవచ్చు, వేలితో తడిమి చూడండి.
☐ సీటు కింద నుంచి చక్రానికి దిగే రెండు సన్న పైపుల మీద, పైభాగంలో, అలాంటి బెజ్జాలే ఉన్నాయా?
☐ వెనక డిస్క్ బ్రేకా, రిమ్ము బ్రేకా? డిస్క్ అయితే బ్రేకు డబ్బా పైపులకి బయట పొడుచుకుని ఉందా, లేక రెండు పైపుల మధ్య మూలలో ఇమిడి ఉందా?
☐ టైరు పక్కన రాసిన సైజు ఎంత? పెద్ద అక్షరాల్లో 26, 27.5, 29 అని ఉన్నా, నమ్మాల్సింది చిన్నగా రాసిన అంకెని. 26కి 559, 27.5కి 584, 29కి 622 అని ఉంటుంది. 700సీ అన్నా 622 అన్నా ఒకటే.
☐ వెనక షాక్ అబ్జార్బర్ ఉందా? ఉంటే మామూలు క్యారియర్ మర్చిపోండి. చక్రం ఎగిరినప్పుడల్లా ఫ్రేము వెనక భాగం కదులుతుంది, క్యారియర్ చేతులు, కాళ్లు చెరో వైపు లాగబడతాయి.
☐ ఫ్రేము కార్బన్‌దా? అయితే కంపెనీ మర బెజ్జాలు ఇచ్చి, క్యారియర్ పెట్టుకోవచ్చని చెబితేనే పెట్టండి. కార్బన్ పైపు మీద క్లాంపు (పైపు చుట్టూ బిగించే పట్టీ) బిగించడం అసలే వద్దు.

2. ఏ క్యారియర్ తీసుకోవాలి

మార్కెట్లో దొరికేవి మూడు రకాలు. కింద కాళ్లు, పైన చేతులు ఉండేది మొదటిది. సీటు పోస్టుకి, అంటే సీటుని మోసే కడ్డీకి మాత్రమే బిగించి వెనక్కి గాల్లో తేలేది రెండోది. పాత నల్ల సైకిళ్లకి వచ్చే లావు ఇనుప క్యారియర్ మూడోది. నా మాట అడిగితే, ఫ్రేముకి మర బెజ్జాలుంటే మొదటి రకం తప్ప ఇంకోటి చూడొద్దు.

సీటు పోస్టు రకం బిగించడం తేలికే, ఐదు నిమిషాల పని. కానీ దాని మీద సాధారణంగా 9, 10 కేజీలని మాత్రమే రాసి ఉంటుంది. బరువు పడితే ఎడమకో కుడికో తిరిగిపోతుంది, పక్క బ్యాగులు తగిలిస్తే చక్రంలోకి ఊగుతాయి. టిఫిన్ డబ్బా, రెయిన్‌కోటు, పంక్చర్ సామాను దాకా పర్వాలేదు.

అల్యూమినియమా, ఇనుమా అంటే, రోజూ ఆఫీసుకి అయితే అల్యూమినియం చాలు, తుప్పు పట్టదు, తేలిక. రోజూ బరువు మోసేవాళ్లకి, ఊళ్ల మీద తిరిగేవాళ్లకి ఇనుమే మేలు. ఎందుకంటే ఇనుప కడ్డీ విరిగితే ఏ ఊళ్లో అయినా వెల్డింగ్ షాపువాడు అతికిస్తాడు, అల్యూమినియం అతికించేవాడు ప్రతి ఊళ్లో దొరకడు.

కొనేటప్పుడు తప్పకుండా చూడాల్సినవి: క్యారియర్ మీద బరువు పరిమితి చెక్కి ఉందా (25 కేజీలని చాలా వాటి మీద ఉంటుంది), మీ చక్రం సైజుకి సరిపోతుందా, డిస్క్ బ్రేకు అయితే దానికి పనికొచ్చేదేనా. కాళ్లు పొడవు సర్దుకునే రకం అయితే ఆ జారుడు భాగం ఎన్ని బోల్టులతో పట్టి ఉందో చూడండి. ఒక్కో కాలికి ఒకే బోల్టు ఉంటే గతుకుల రోడ్డు మీద అది నెమ్మదిగా కిందికి జారుతుంది.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ ఆలెన్ కీలు (ఎల్ ఆకారంలో వంచిన ఆరు పలకల కడ్డీలు): 3, 4, 5 మి.మీ. ఎం5 బోల్టుకి, అంటే 5 మి.మీ. మందం బోల్టుకి, సాధారణంగా 4 పడుతుంది, గుండ్రటి తల ఉన్నదైతే 3.
☐ 8 మి.మీ., 10 మి.మీ. పానాలు
☐ ఎం5 బోల్టులు 12, 16, 20 మి.మీ. పొడవుల్లో నాలుగేసి, వాషర్లు, నైలాన్ ఉంగరం ఉన్న నట్లు
☐ బోల్టు ఊడకుండా మరలకి పూసే నీలం రంగు లాకింగ్ ద్రవం, చిన్న సీసా
☐ కాస్త గ్రీజు, పాత గుడ్డ, పాత టూత్‌బ్రష్
☐ పాత ట్యూబు ముక్క

క్యారియర్‌తో వచ్చే బోల్టుల్ని చూసి వాడండి. తల మీద ఏ గుర్తూ లేని మెత్తటి ఇనుప బోల్టులు చాలా పెట్టెల్లో వస్తాయి. హార్డ్‌వేర్ షాపులో 8.8 అని తల మీద గుర్తున్నవి (అది బోల్టు బలానికి గుర్తు) గానీ, తుప్పు పట్టని స్టీలువి గానీ నాలుగు కొంటే పెద్ద ఖర్చేమీ కాదు.

4. బిగించే వరుస

4.1 మరలు శుభ్రం చేయండి

బెజ్జంలో రంగు, మట్టి ఉంటే టూత్‌బ్రష్‌తో రుద్ది, ఒక చుక్క నూనె వేసి, ఖాళీ బోల్టుని చేత్తో తిప్పుతూ లోపలికీ బయటికీ నాలుగుసార్లు పోనివ్వండి. మొదటి రెండు చుట్లు ఎప్పుడూ వేళ్లతోనే తిప్పాలి. వేళ్లతో పోకపోతే బోల్టు వంకరగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ మొదలెట్టండి. ఆలెన్ కీ పెట్టి బలవంతంగా తిప్పితే అల్యూమినియం ఫ్రేములో మరలు ఒక్క దెబ్బకి పోతాయి, ఆ తర్వాత దాన్ని బాగుచేయించడం పెద్ద పని. శుభ్రం అయ్యాక నూనె తుడిచేయండి, లాకింగ్ ద్రవం నూనె మీద పట్టదు.

4.2 కాళ్లు ముందు, వదులుగా

క్యారియర్‌ని చక్రం మీద నిలబెట్టి, రెండు కాళ్లనీ ఇరుసు దగ్గర బెజ్జాలకి ఎదురుగా పెట్టి, వాషర్ వేసి బోల్టుని వేళ్లతో ఎక్కించండి. బిగించొద్దు. క్యారియర్ ముందుకీ వెనక్కీ ఊగేంత వదులు ఉండాలి.

4.3 చేతులు

పై పట్టీలను సీటు దగ్గరి బెజ్జాలకి తెచ్చి, అక్కడా బోల్టులు వదులుగానే ఎక్కించండి. పట్టీ కాస్త వంచాల్సి వస్తే క్యారియర్‌కి ఉంచి ఫ్రేము మీద ఆనించి వంచొద్దు, ఊడదీసి వైస్‌లో పట్టి ఒక్కసారికే వంచండి. అల్యూమినియం పట్టీని అటూ ఇటూ రెండు మూడుసార్లు వంచితే అక్కడే చీలుతుంది.

రిమ్ము బ్రేకులున్న సైకిల్ అయితే ఇప్పుడే ఒకసారి బ్రేకు నొక్కి చూడండి. బ్రేకు చేతులు గానీ వైరు గానీ క్యారియర్ పట్టీకి తగిలితే పట్టీని పక్కకి జరపాలి.

4.4 మట్టసం, మధ్య

సైకిల్ వెనక్కి నాలుగడుగులు వెళ్లి చూడండి. క్యారియర్ మధ్య గీత టైరు మధ్యకి రావాలి. పక్క నుంచి చూస్తే పైభాగం నేలకి సమాంతరంగా ఉండాలి, ముందు వైపు కాస్త ఎత్తు ఉన్నా ఫర్వాలేదు గానీ వెనక వైపు ఎత్తుగా ఉండకూడదు, సామానంతా సీటు మీదికి జారుతుంది. టైరుకీ క్యారియర్‌కీ మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉంచండి. నల్లరేగడి నేలల్లో తిరిగేవాళ్లు ఇంకాస్త ఎక్కువే ఉంచండి, వానాకాలంలో ఆ బురద టైరుకి పట్టుకుని సందులో ఇరుక్కుంటే చక్రం తిరగదు.

4.5 బిగించడం

లాకింగ్ ద్రవం మరల మీద ఒక్క చుక్క చాలు. ముందు కింది రెండు బోల్టులు, కుడి ఎడమ మార్చి మార్చి, కొంచెం కొంచెంగా బిగించండి. తర్వాత చేతులు ఫ్రేముకి పట్టే బోల్టులు, చివరికి చేతులు క్యారియర్‌కి పట్టే బోల్టులు. ఈ వరుస తప్పితే క్యారియర్ మెలితిరిగి కూర్చుంటుంది, ఆ మెలిక బలమంతా ఒక మూలకే పడుతుంది.

ఎంత బిగువు? ఎం5 బోల్టుకి 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. టార్క్ పానా (ఎంత బిగువు పడిందో చూపించే పానా) లేనివాళ్లు మామూలు చిన్న ఆలెన్ కీ పొడుగు వైపు పట్టుకుని మణికట్టు బలంతో బిగిస్తే చాలు, మోచేతి బలం వాడొద్దు, కీకి గొట్టం తొడిగి అసలే తిప్పొద్దు.

4.6 కుడివైపు బోల్టు: ఇక్కడే అందరూ తప్పు చేసేది

కుడివైపు, చైను ఉండే వైపు, బోల్టు బయట నుంచి లోపలికి పోతుంది కదా. దాని కొస బయటికొచ్చే చోటే వెనక గేర్లలో అతి చిన్న పళ్ల చక్రం, దాని మీద చైను ఉంటాయి. బోల్టు రెండు మి.మీ. ఎక్కువ పొడవున్నా చైను దానికి రాసుకుంటుంది. షాపులో పెద్ద పళ్ల చక్రం మీద పెట్టి తిప్పి చూపిస్తారు, అంతా బాగానే ఉంటుంది. మీరు రోడ్డు మీద వేగంగా పోతూ ఆ చిన్న పళ్ల చక్రానికి మార్చినప్పుడు టకటకమని మొదలై, చైను ఎగిరి బోల్టుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంటే చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది.

అందుకని బిగించాక చైనుని అతి చిన్న పళ్ల చక్రం మీదికి తెచ్చి, వెనక చక్రం లేపి, పెడల్ తిప్పుతూ పక్కనుంచి కళ్లతో చూడండి. బోల్టు కొసకీ చైనుకీ మధ్య కనీసం మూడు మి.మీ. ఉండాలి. బరువు పడ్డప్పుడు, గతుకుల్లో చైను ఊగుతుందని గుర్తుంచుకోండి.

సరైన పొడవు లెక్క ఇది: ఫ్రేము బెజ్జం మందం, క్యారియర్ కాలి మందం, వాషర్ మందం కలపండి. బోల్టు అంతే ఉండాలి. కొస లోపలి వైపు ఫ్రేముతో సమానంగా ఉంటే చాలు. మామూలుగా 12 నుంచి 16 మి.మీ. మధ్య వస్తుంది. ఎక్కువైతే తల కింద ఇంకో వాషర్ వేయండి, లేదా హాక్సాతో కోసి, అంచుని ఆకురాయితో నున్నగా చేయండి. తక్కువైనా తప్పే, సగం మరల మీద బరువంతా వేలాడితే అవి పీక్కుపోతాయి.

ఎడమవైపు లోపల చోటు ఉంటుంది కాబట్టి అక్కడ కాస్త పొడుగు బోల్టు వేసి లోపలి నుంచి నైలాన్ నట్టు కూడా బిగించొచ్చు. డిస్క్ ఉంటే మాత్రం డిస్క్‌కి తగులుతుందేమో తిప్పి చూశాకే.

5. బెజ్జాలు లేని సైకిల్ అయితే

పైన లేకపోతే తేలిక. సీటు పైపు నోటి దగ్గర ఉండే క్లాంపు బదులు, రెండు మర బెజ్జాలున్న క్లాంపు దొరుకుతుంది. దాని సైజు సీటు పోస్టుది కాదు, ఫ్రేము పైపు బయటి కొలత: 28.6, 31.8, 34.9 మి.మీ. అని వస్తాయి. ఈ కొలత తప్పు కొని తిరిగివ్వడానికి తిరిగేవాళ్లే ఎక్కువ.

కింద కూడా లేకపోతే రబ్బరు పొర ఉన్న పి-క్లాంపులు (పి అక్షరం ఆకారంలో పైపు చుట్టూ పట్టేవి) వాడాలి. పైపు చుట్టూ పాత ట్యూబు ముక్క ఒక చుట్టు చుట్టి దాని మీద క్లాంపు వేయండి, జారదు, రంగూ పోదు. కానీ క్లాంపు పైపు మీద రాపిడితో నిలబడేదే, ఫ్రేము బెజ్జంలో కూర్చున్న బోల్టు కాదు. క్యారియర్ మీద 25 అని రాసి ఉన్నా అలాంటి సైకిల్ మీద 10 కేజీలు దాటొద్దు. అంతకంటే ఎక్కువ మోయాలంటే ఇరుసుకే బిగించే రకం క్యారియర్ చూడండి.

ఫ్రేముకి డ్రిల్లు పెట్టి బెజ్జం చేయించే ఆలోచన ఎవరైనా చెబితే వినొద్దు.

6. మడ్‌గార్డు, డిస్క్ బ్రేకు

మడ్‌గార్డు కడ్డీ, క్యారియర్ కాలు రెండూ ఒకే బెజ్జం పంచుకోవాల్సి వస్తే, ఫ్రేముకి ఆనుకుని క్యారియర్ కాలు, దాని బయట మడ్‌గార్డు కడ్డీ. తిరగేసి పెడితే బరువు ఫ్రేము నుంచి దూరంగా వేలాడి బోల్టుని వంచుతుంది.

డిస్క్ బ్రేకు డబ్బా అడ్డొస్తే కాలికీ ఫ్రేముకీ మధ్య గొట్టం లాంటి స్పేసర్లు వేసి పొడుగు బోల్టు బిగించడం షాపుల్లో మామూలు. 10 మి.మీ. దాకా ఒప్పుకోవచ్చు. 20, 25 పెట్టి బిగిస్తే బోల్టు వంగేది ఎప్పుడన్నదే ప్రశ్న. డిస్క్ కోసం కాళ్లు వెడల్పుగా చేసిన క్యారియర్ కొనడమే మంచిది.

7. పాత నల్ల సైకిల్ అయితే

వీటిలో కాళ్లు నేరుగా ఇరుసు మీదే కూర్చుంటాయి, అందుకే అంత బరువు మోస్తాయి. వరుస: ఫ్రేము, క్యారియర్ కాలు, మడ్‌గార్డు కడ్డీ ఉంటే అది, వాషర్, చివర నట్టు. నట్టులో మరలన్నీ ఇరుసు మీద ఎక్కాలి, ఇరుసు కొస నట్టు లోపలే ఆగిపోతే పొడుగు ఇరుసు వేయించుకోండి.

నట్లు వదులు చేశాక చక్రం కదిలిపోతుంది. బిగించే ముందు చక్రం మధ్యలో ఉందా, చైను మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దాకా ఆడుతోందా చూసుకోండి.

8. ఎంత బరువు పెట్టొచ్చు

క్యారియర్ మీద రాసింది పరిమితి, రోజూ మోయాల్సిన బరువు కాదు. మన గతుకులకీ స్పీడ్ బ్రేకర్లకీ నేనైతే 25 రాసిన దాని మీద 15, 18 దగ్గర ఆగుతాను. మనం కూర్చున్నప్పుడే మన బరువులో సగానికి పైగా వెనక చక్రం మీదే ఉంటుంది, క్యారియర్ బరువు దాని మీద అదనం. సైకిల్‌తో వచ్చిన పుస్తకంలో మొత్తం బరువు పరిమితి కూడా ఉంటుంది, మీ బరువు, సామాను, పుస్తకంలో అలా చెబితే సైకిల్ బరువు కూడా కలిపి అది దాటకూడదు.

మన ఇళ్లలో మోసేవి చూద్దాం.

20 లీటర్ల నీళ్ల క్యాను: నీళ్లే 20 కేజీలు. నేను ఆగే అంకెకి కాస్త పైనే అయినా, అప్పుడప్పుడు అయితే 25 కేజీల క్యారియర్ మోస్తుంది, కట్టడం దగ్గరే జాగ్రత్త కావాలి, కింద రాశాను.

బియ్యం బస్తా: 2022 జులైలో 25 కేజీల దాకా ఉన్న ప్యాకెట్ బియ్యానికి జీఎస్టీ వచ్చాక చాలా మిల్లులు 26 కేజీల బస్తాలు కట్టడం మొదలుపెట్టాయి. అంటే క్యారియర్ పరిమితికి ఒక కేజీ పైనే. సగం సగం చేసి రెండుసార్లు తెచ్చుకోండి.

గ్యాస్ సిలిండర్: లోపల గ్యాసే 14.2 కేజీలు, ఉక్కు డబ్బా ఇంకో పదిహేను దాకా. మొత్తం 30 దగ్గరకొస్తుంది, పైగా గుండ్రం, పొడవు. అల్యూమినియం క్యారియర్ మీద పెట్టొద్దు.

9. బరువు కట్టడం

మూడు నియమాలు: బరువైనది కిందికి, ముందుకి, రెండు వైపులా సమానంగా. వెనక కొసన పెట్టిన ఐదు కేజీలు సీటుకి ఆనించి పెట్టిన పది కంటే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, హ్యాండిల్ తేలిపోతున్నట్టు ఉంటుంది. వీలైతే పక్క బ్యాగులు వాడండి, బరువు ఇరుసు ఎత్తుకి దిగుతుంది. బ్యాగు తగిలించాక పెడల్ వెనక్కి తిప్పి, మడమ బ్యాగుకి తగులుతోందేమో చూడండి, తగిలితే బ్యాగుని వెనక్కి జరపండి.

కట్టడానికి కొక్కేల ఎలాస్టిక్ తాడు కంటే పాత ట్యూబే నయం. కొక్కెం చేయి జారితే నేరుగా కంటికి వస్తుంది, గతుకులో ఊడితే చక్రంలోకి పోతుంది. పంక్చర్ షాపులో పనికిరాని ట్యూబు అడగండి. వాల్వుకి అటూ ఇటూ కోస్తే సుమారు రెండు మీటర్ల గొట్టం వస్తుంది. దాన్ని నిలువునా చీల్చి మూడు సెం.మీ. వెడల్పు పట్టీలు చేయండి.

కట్టే పద్ధతి: ఒక కొస క్యారియర్ పక్క కడ్డీకి ముడి వేసి, పట్టీని బాగా సాగదీస్తూ సామాను మీదుగా అవతలి కడ్డీ కిందకి తీసుకెళ్లి, మళ్లీ ఇవతలికి అడ్డంగా, ఇంటూ గుర్తు వచ్చేలా రెండుసార్లు తిప్పండి. సాగిన పట్టీ పట్టినంతగా సాగని తాడు పట్టదు, గతుకులో సామాను కుంగితే తాడు వదులవుతుంది, రబ్బరు దానితోపాటే కుంగుతుంది. చివరి కొసని తిప్పిన పట్టీల కిందకి దూర్చి లాగండి. వేలాడే కొస ఒక్క అంగుళం కూడా ఉండకూడదు.

నీళ్ల క్యాను అడ్డం సుమారు 27 సెం.మీ. ఉంటుంది, క్యారియర్ వెడల్పు అందులో సగం. నేరుగా పెడితే దొర్లుతుంది. 30 సెం.మీ. వెడల్పు, 45 పొడవు ప్లైవుడ్ ముక్క తీసుకుని, రెండు అంచుల వెంబడీ చెక్క బద్దలు కొట్టి, ఆ పలకని క్యారియర్‌కి నాలుగు చోట్ల గట్టిగా కట్టండి. క్యానుని పొడవుగా పడుకోబెట్టి, మూత ముందుకి, సీటు వైపు ఉంచి, రెండు చోట్ల ట్యూబుతో కట్టండి. ఎత్తే ముందు క్యానుని ఒకసారి తలకిందులు చేసి మూత కారుతోందేమో చూడండి.

బరువు ఎక్కించేటప్పుడు పక్క స్టాండుని నమ్మొద్దు. సైకిల్‌ని గోడకి ఆనించి, ముందు బ్రేకు లివర్‌ని నొక్కి రబ్బరు బ్యాండుతో హ్యాండిల్‌కి కట్టేయండి. సైకిల్ ముందుకి జారదు, రెండు చేతులూ ఖాళీ.

బయల్దేరే ముందు:

☐ సామాను పట్టుకుని అటూ ఇటూ ఊపితే సైకిల్ మొత్తం ఊగాలి, సామాను ఒక్కటే కదలకూడదు
☐ ఏ కొసా చక్రం వైపు వేలాడటం లేదు
☐ వెనక ఎర్ర లైటు, రిఫ్లెక్టర్ సామాను వెనక దాగిపోలేదు
☐ వెనక టైరులో గాలి, పక్కన రాసిన గరిష్ఠం దాటకుండా, పై అంకెకి దగ్గరగా
☐ బ్రేకులు రెండూ పట్టుతున్నాయి

10. తొక్కేటప్పుడు

కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడం కుదరదు, సైకిల్‌ని మీ వైపు వాల్చి ముందు పైపు మీదుగా ఎక్కండి. మొదటి రోజు ఖాళీ రోడ్డు మీద పది నిమిషాలు తొక్కి చూడండి. ఆగడానికి మామూలు కంటే ఎక్కువ దూరం పడుతుంది, బ్రేకు ముందే మొదలుపెట్టండి, రెండూ కలిపి. నిలబడి తొక్కితే సామాను ఊగి సైకిల్‌ని లాగుతుంది, ఎత్తు వస్తే తేలిగ్గా తొక్కే గేరుకి మార్చి కూర్చునే తొక్కండి. గుంత తప్పించలేకపోతే సీటు మీంచి కాస్త లేవండి, వెనక చక్రానికి మీ బరువు దెబ్బ అయినా తగ్గుతుంది.

11. మనుషులు, పిల్లలు

వెనకటికి నల్ల సైకిల్ క్యారియర్ మీద మనిషిని కూర్చోబెట్టుకుని ఊళ్లు తిరిగారు కదా అని అడుగుతారు. అది లావు ఇనుప కడ్డీ, నేరుగా ఇరుసు మీద కూర్చున్నది. 25 కేజీల అల్యూమినియం క్యారియర్‌కీ దానికీ పోలిక లేదు. పెద్దవాళ్లని ఎక్కించొద్దు.

పిల్లల్ని ఉత్త క్యారియర్ మీద కూర్చోబెట్టడం ఏ సైకిల్ మీదైనా వద్దు. చిన్న కాలు చువ్వల మధ్యకి పోవడానికి ఒక్క క్షణం చాలు, మడమ దగ్గర చర్మం లేచిపోతుంది, ఎముక కూడా విరుగుతుంది. వీపు ఆనేది, బెల్టులున్నది, కాళ్లకి రెండు పక్కలా అడ్డు ఉన్నది పిల్లల సీటు వేరే దొరుకుతుంది. సీటు బరువు, పిల్ల బరువు కలిపి క్యారియర్ పరిమితిలోపు ఉండాలి, ఆ క్యారియర్‌కి ఆ సీటు సరిపోతుందని సీటు కాగితంలో ఉండాలి. చీర, చున్నీ వేసుకుని తొక్కేవాళ్లు చక్రం పక్కన జాలీ గార్డు కూడా వేయించుకోండి.

12. తేడా వస్తే

మొదటి 50 కిలోమీటర్లకి అన్ని బోల్టులూ ఒకసారి తిప్పి చూడండి, కొత్తగా బిగించినవి కాస్త కూర్చుంటాయి. తర్వాత నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి. బిగించాక బోల్టు తల మీంచి క్యారియర్ కాలి మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీసి పెట్టండి. గీత విడిపోయి కనిపిస్తే బోల్టు తిరిగిందన్నమాట, పానా తీయకుండానే తెలుస్తుంది.

గలగల శబ్దం: ముందు సామాను దించి సైకిల్‌ని నాలుగు అంగుళాలు ఎత్తి నేల మీద వదలండి. శబ్దం పోతే సామానుది, ఉంటే క్యారియర్‌ది. ఒక్కో బోల్టు మీద వేలు పెట్టి క్యారియర్‌ని ఊపితే వదులైంది వేలికే తెలుస్తుంది.

బరువు పెడితే హ్యాండిల్ వణకడం: సామానుని ముందుకీ కిందికీ జరపండి, వెనక టైరు గాలి చూడండి, చేతుల బోల్టులు చూడండి. తొక్కుతుండగా వణుకు మొదలైతే భయపడి గట్టిగా బ్రేకు వేయొద్దు, మోకాలిని ముందు పైపుకి ఆనించి మెల్లగా వేగం తగ్గించండి.

చువ్వలు తెగడం: ఒకటి తెగితే వేయించుకోవచ్చు, మళ్లీ మళ్లీ తెగుతుంటే బరువు ఎక్కువైందని లేదా చక్రం బిగువు సరిగా లేదని. చక్రం మొత్తం బిగువు సరిచేయించండి, రోజూ బరువు మోసేవాళ్లు 36 చువ్వల చక్రానికి మారడం మంచిది.

క్యారియర్ అతుకు దగ్గర సన్నటి నల్ల గీత: చీలిక మొదలైంది. ఇనుమైతే వెల్డింగ్, అల్యూమినియం అయితే ఆ రోజు నుంచి బరువు పెట్టొద్దు.

దారిలో కింది బోల్టు విరిగితే: బరువు దించి, ముక్క బెజ్జంలో మిగిలిందా చూడండి. లోపలి వైపు కొస పొడుచుకుని ఉంటే పకారుతో పట్టి తిప్పితే వచ్చేస్తుంది. దాని స్థానంలో నీళ్ల బాటిల్ స్టాండు బోల్టు ఒకటి విప్పి వేయండి, చాలా సైకిళ్లకి అదీ ఎం5 మరే, అచ్చంగా సరిపోతుంది. చైను వైపు వేస్తే అతి చిన్న పళ్ల చక్రం మీద చైను తగులుతోందేమో చూసి, తగిలితే ఇంటికొచ్చేదాకా ఆ గేరు వాడొద్దు. తర్వాత కింది బోల్టులు రెండూ కొత్తవి వేయండి, ఒకటి విరిగిందంటే రెండోది కూడా అంతే దెబ్బ తిని ఉంటుంది.